విద్యార్థినుల భోజనము: అల్పవ్యయము, ఆరోగ్యము

కోటి విద్యలు కూటి కొఱకే యని పెద్దలు చెప్పుదురు. కాని నేడు విద్య కొఱకు ఇల్లు విడిచి పట్టణమునకు వచ్చిన మన బాలికలలో పలువురు ఆ కూటినే మానుకొనుచున్నారు. కొందఱు పైకము చాలక మానుకొందురు. కొందఱు దేహము లావగుచున్నదను భయముచేత మానుకొందురు. ఈ రెండు కారణములును కలసివచ్చిన వారును పెక్కుమంది కలరు. వారికిని, వారిని దూరమున నుంచి చదివించుచున్న తల్లులకును ఉపయోగపడునట్లు ఈ మాసమున ఆహారమును గూర్చియే ముచ్చటింపదలచితిమి.

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున మల్కాజిగిరి, ఉప్పల్, నాచారము, హబ్సిగూడ, తార్నాక మొదలైన పేటలున్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయము దాపుననే యుండుటచేత ఈ ప్రాంతమున వసతిగృహములు మెండు. నాచారమునందలి యట్టి వసతిగృహములో ఒకే గదిలో నివసించుచున్న ఇద్దఱు విద్యార్థినులు కలసి మాకొక లేఖ వ్రాసినారు. ఇద్దఱి యెత్తును 155 సెంటీమీటర్లే. ఒకరి బరువు 52 కిలోలు, రెండవవారి బరువు 68 కిలోలు. సన్నబడవలెనని ఇద్దఱును మూడు నెలలనుండి రాత్రి భోజనము మానినారు. ఉదయము చాయతో రెండు ఉస్మానియా బిస్కత్తులు, మధ్యాహ్నము వసతిగృహములో అన్నము, సాయంకాలము నీరసము కమ్మినప్పుడు వీధి మొగనున్న బండియొద్ద పునుగులు: ఇదియే వారి దినచర్య. తల తిరుగుచున్నదనియు, జుట్టు రాలుచున్నదనియు, పుస్తకము మీద మనస్సు నిలుచుట లేదనియు వ్రాసినారు. చేతిఖర్చునకు ఇంటినుండి వచ్చు సొమ్ములో కొంత మిగిల్చి, బరువు తగ్గించునను పేరుగల పొడిడబ్బా యొకటి కొనవలెనని యున్నది, కొనవచ్చునా యని తుదకు ప్రశ్నించినారు.

కొనవలదు. మా సమాధానము ఇదియే. అయితే సమాధానము చెప్పి ఊరకుండుట తగదు; కారణము చెప్పవలెను, ఆ సొమ్ముతో ఏమి చేయవలెనో అదియును చెప్పవలెను.

నిజముగా లావా, కాదా?

మొదట తేల్చుకొనవలసినది ఇది. ప్రక్కింటివారి మాటనుబట్టి గాని, అద్దమునుబట్టి గాని, చలనచిత్రములలోని నటీమణులనుబట్టి గాని దీనిని తేల్చుకొనరాదు. దీనికొక సులభమైన లెక్క కలదు. ఎత్తును మీటర్లలో వ్రాసికొని, ఆ సంఖ్యను అదే సంఖ్యచే హెచ్చవేయవలెను. బరువును కిలోలలో తీసికొని, వచ్చిన లబ్ధముచే భాగింపవలెను. వచ్చిన ఫలము 18.5 కంటె తక్కువైనచో దేహము కృశించినదని యర్థము. 23 లోపున నున్నచో సరియైన బరువు. 23 దాటినచో అధికభారము. 25 గాని అంతకు మించి గాని యున్నచో స్థూలకాయము. పాశ్చాత్యులకు అధికభారము 25తో మొదలగునని చెప్పుదురు గాని, మనవారికి అంతకంటె తక్కువ బరువునందే మధుమేహము, గుండెజబ్బు పొడసూపుచుండుటచేత మన వైద్యులు ఈ హద్దును తగ్గించినారు. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

మాకు వ్రాసిన వారి విషయమున ఈ లెక్క వేసి చూతము. 155 సెంటీమీటర్ల యెత్తుగల స్త్రీ 44 కిలోల మొదలు 55 కిలోల వరకు ఎంత యున్నను సరియైన బరువే. కావున 52 కిలోలు గల బాలిక లావు కానే కాదు. ఆమె తగ్గవలసిన పని యెంతమాత్రము లేదు. ఆమె మూడునెలలుగా లేని జబ్బునకు మందు పుచ్చుకొనుచున్నది. 68 కిలోలు గల బాలికకు ఫలము 28 దాటుచున్నది గనుక, ఆమె తగ్గుట మంచిదే. ఒకే గదిలో నున్నంతమాత్రమున ఒకరికి తగినది మఱియొకరికి తగదు. చెలికత్తె చేయుచున్నదని తానును పస్తుండుట స్నేహధర్మము కాదు.

పదునెనిమిదేండ్లు నిండని బాలికలు ఈ లెక్కను తమకు వర్తింపజేసికొనరాదు. వారు ఇంకను ఎదుగుచున్నవారు. వారి విషయమున వైద్యుల సలహాయే ప్రమాణము.

లంఖణము పరమౌషధమా?

లంఖణము పరమౌషధమను నానుడి అజీర్ణమునకును జ్వరమునకును పుట్టినది. చదువుకొను వయసున నెలల తరబడి పూటకూడు మానుటకు అది ఆధారము కాజాలదు. భోజనము మానినప్పుడు మొదటి దినములలో బరువు త్వరగా తగ్గినట్లు కనబడుట నిజమే. అందులో చాలభాగము నీరు. పిమ్మట క్రొవ్వుతోపాటు కండయును కరగుట మొదలిడును. కండ తరిగిన దేహమునకు కూర్చున్నచోట ఖర్చగు శక్తియును తగ్గును. అందువలన మరల మామూలుగా తినుట మొదలుపెట్టగానే, పోయిన బరువు తిరిగివచ్చును. అయితే పోయిన కండ రాదు, క్రొవ్వే వచ్చును. మూడునెలల పస్తునకు దక్కు ఫలము ఇదియే.

మఱియొక కీడు కలదు. రాత్రి తిననివారికి మఱుసటి సాయంకాలమునకు ఆకలి యణచరానిదగును. అప్పుడు కంటికి కనబడునది నూనెలో దేవినది గాని, తీపిది గాని యగును. ఒక గ్రాము నూనెలో 9 కేలరీల శక్తి యున్నది. అంతే తూకముగల ధాన్యములో గాని పప్పులో గాని 4 కేలరీల లోపుగనే యుండును. మానిన పప్పన్నపు శక్తి యంతయు ఒక పొట్లము పునుగులలో తిరిగివచ్చును. రానివి మాత్రము మాంసకృత్తులు, ఇనుము, సున్నము. అనగా దేహము లావుగనే యుండును, లోపల రక్తము పలుచనగును.

ఇది మా యూహ కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 30 మంది అధికభారము గలవారనియు, నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారనియు తేలినది. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. లావుగా నున్నవారందఱును బాగుగా తినుచున్నవారు కారు. కడుపు నిండుచున్నది, దేహమునకు కావలసినది అందుట లేదు. కావున సన్నబడదలచిన బాలిక తిండి తగ్గించుటకు ముందు తిండి మార్చుకొనవలెను.

మన యింటి ముంగిట నున్న శాస్త్రము

నాచారమునకు కొలది దూరములోనే, తార్నాకయందు, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. ఆ దారిని నిత్యము పోవు విద్యార్థినులలో దాని చరిత్ర నెఱిగినవారు కొలదిమంది. అది 1918లో నీలగిరులలోని కూనూరునందు, మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారించుటకు నెలకొల్పిన చిన్న పరిశోధనాలయము. బెరిబెరి మన తెలుగువారికి క్రొత్త కాదు. ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ వ్యాధి యొకప్పుడు మిక్కిలి ప్రబలియుండెను. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యమును పలుమాఱు కడిగి, గంజి వార్చి పారబోసి, మిగిలిన అన్నమునే ప్రధానాహారముగా తినుట దానికి కారణము. ఉప్పుడు బియ్యము తినువారికి ఆ వ్యాధి అరుదుగా వచ్చెడిది. కడుపునిండ తినుచుండియు మనుష్యుడు ఆహారలోపముచే జబ్బుపడగలడను సత్యమును మన సర్కారు జిల్లాలును చాటినవి.

ఆ పరిశోధనాలయము పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో ఇప్పటి పేరు పొందినది. దానికి అధిపతిగా నుండిన గోపాలన్ గారు, వారి సహచరులు పేదపిల్లల ఆహారమును పరిశీలించి, ఖరీదైన మాంసకృత్తుల పొడులకంటె, ఇంట వండుకొను ధాన్యము, పప్పు చాలినంతగా పెట్టుటయే ముఖ్యమని చూపిరి. మన తినుబండారములలో ఏది యెంత పుష్టినిచ్చునో తెలుపు పట్టికలను 1971లో పుస్తకముగా వెలువరించిరి. 2017లో ఆ సంస్థవారే 528 ఆహారపదార్థములను క్రొత్తగా పరీక్షించి మరల పట్టికలు వేసిరి. 2024లో భారతీయులకు 17 ఆహారసూత్రములను ప్రకటించిరి. మేము క్రింద తెలుపు సంగతులలో ముఖ్యమైనవి ఆ విజ్ఞానమునుండి గ్రహించినవే. పొడిడబ్బా కొఱకు అంగడికి పోదలచిన బాలికలకు, అంతకంటె మేలైన విద్య తాము నడచు దారిలోనే యున్నదని చెప్పుటకు ఇంతగా వ్రాసితిమి.

ఎంత తినవలెను?

కూర్చుండి చదువుకొను పనిగల, 55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు సుమారు 1,660 కేలరీల శక్తియు, 46 గ్రాముల మాంసకృత్తులును, 29 మిల్లీగ్రాముల ఇనుమును, 1,000 మిల్లీగ్రాముల కాల్షియమును కావలెనని 2020లో భారత వైద్య పరిశోధనా మండలివారు నిర్ణయించిరి. బరువు తగ్గదలచినవారు శక్తిని మాత్రమే కొంత తగ్గించుకొనవలెను. తక్కిన మూడింటిని తగ్గింపరాదు. ఈ యొక్కమాట గుర్తున్నచో సగము పని యైనట్లే.

ఎంత తగ్గించవలెను? దినమునకు మూడు నాలుగు వందల కేలరీలు చాలును. అందులో కొంత తిండిలో, కొంత నడకలో తగ్గించుకొనవచ్చును. అట్లు చేసిన వారమునకు పావుకిలో మొదలు అరకిలో లోపుగా బరువు తగ్గును. వారమునకు అరకిలో తగ్గుట క్షేమమనియు, ఎంత తగ్గదలచినవారును దినమునకు 1,000 కేలరీలకు తక్కువగా తినరాదనియు తార్నాక సంస్థవారి సూత్రము. నెలకు పదికిలోలు తగ్గింతుమను ప్రకటనలు చూచి మోసపోవలదు.

వారు రెండువేల కేలరీల భోజనమునకు ఒక పళ్ళెము గీసి చూపిరి. అందు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు, గ్రుడ్లు, మాంసము వంటివి కలిసి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు గాని పెరుగు గాని 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఈ పళ్ళెమును మన వసతిగృహపు పళ్ళెముతో పోల్చి చూడుడు. మన పళ్ళెమున అన్నము కొండవలె నుండును. పప్పు నీరై పాఱుచుండును. కూర ఒక గరిటెడు. దానిలో నూనె తేలుచుండును. లోపమెక్కడనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

రూపాయి కెంత పుష్టి?

ఇక పైకము సంగతి. అంగడిలో వస్తువును తూకమునకు వెలగట్టుట మనకు అలవాటు. మాంసకృత్తులకు వెలగట్టి చూచిన గాని నిజము తెలియదు. ధరలు ఊరికొక తీరున, నెలకొక తీరున మారుచుండును గావున, లెక్క నేర్చుకొనుటకు మాత్రమే కొన్ని ధరలు అనుకొందము.

కందిపప్పు కిలో 150 రూపాయలనుకొందము. అందు సుమారు 220 గ్రాముల మాంసకృత్తులున్నవి. రూపాయికి గ్రామున్నర దొరకినట్లు. పల్లీలు కిలో 150 రూపాయలైనచో రూపాయికి గ్రామున్నరకు పైగా దొరకును. శనగలు కిలో 100 రూపాయలైనచో రూపాయికి రెండు గ్రాములకు కొంచెము తక్కువ. మీల్ మేకర్ అని మనవారు పిలుచు సోయాముద్దలలో సగము తూకము మాంసకృత్తులే. కిలో 150 రూపాయలైనను రూపాయికి మూడు గ్రాములకు పైబడి వచ్చును. గ్రుడ్డు 7 రూపాయలైనచో రూపాయికి ఇంచుమించు ఒక గ్రాము. పాలు లీటరు 60 రూపాయలైనచో రూపాయికి అరగ్రాము. ఇక డబ్బాలోని మాంసకృత్తుల పొడి కిలో 2,500 రూపాయలైనచో, అందు మూడువంతులు మాంసకృత్తులేయని యొప్పుకొన్నను, రూపాయికి గ్రాములో మూడవవంతు కూడ రాదు. శనగలకంటె ఆరింతల వెల యన్నమాట. బరువు తగ్గించు పొడులలో మాంసకృత్తులు అంతకూడ నుండవు. పెక్కింటిలో పీచు, తీపి, పరిమళమే యధికము. భోజనము మాని ఆ పొడి త్రాగుమని డబ్బా మీదనే వ్రాసియుండును. తగ్గిన బరువు భోజనము మానుటవలన తగ్గినది; సొమ్ము మాత్రము పొడికి పోయినది.

శనగలలో గాని పప్పులో గాని మాంసకృత్తులు ఒంటిగా పరిపూర్ణములు కావు. ధాన్యముతో కలసినప్పుడు ఒకదాని లోటును మఱియొకటి తీర్చును. పప్పన్నము, జొన్నరొట్టెతో పెసరపప్పు, ఇడ్లీలో మినుములు, బియ్యము, ఇవన్నియు మన తాతమ్మల నాటినుండి కలసివచ్చుచున్న జంటలు. శాస్త్రజ్ఞులు తరువాత వచ్చి బాగున్నదనిరి.

వసతిగృహములో తినువారికి

భోజనపు రుసుము ముందే చెల్లించినవారు ఆ భోజనము మాని బయట కొనుట, ఒకే ముద్దకు రెండుసారులు వెల యిచ్చుటయే. వంట మన చేతిలో లేదు గాని వడ్డన మన చేతిలోనే యున్నది. ఈ పద్ధతులను అవలంబించి చూడుడు.

మొదట పళ్ళెములో సగము మేర కూరయును, పచ్చికూరలును వడ్డించుకొని, పిమ్మట పప్పు, తుదకు అన్నము వడ్డించుకొనుడు. రెండవమాఱు అడుగదలచినప్పుడు అన్నము కాదు, పప్పు అడుగుడు. పప్పు పలుచగా నున్నచో అడుగునుండి గరిటె పెట్టి వడ్డించుకొనుటలో సిగ్గు లేదు. కూరమీద తేలు నూనెను గిన్నె అంచున వంచి విడువవచ్చును. అప్పడము, వేపుడు, ఊరగాయ వీనిలో దినమున కొకటే. ఉప్పు అన్నిటిలో కలిపి దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, దాటరాదు. ఊరగాయ తోడైన పిమ్మట ఆ హద్దు నిలుచుట కష్టము.

పొడిడబ్బా కొఱకు కూడబెట్టిన సొమ్ముతో ఈ వస్తువులు కొనుడు: శనగలు ఒక కిలో, పెసలు ఒక కిలో, పల్లీలు అరకిలో, వారమునకు అయిదాఱు గ్రుడ్లు, దినమున కొక పండు. శనగలను రాత్రి నానబెట్టి ఉదయము వంటశాలలో ఉడికించుటకు అనుమతి దొరకినచో గుడాలు చేసికొనుడు. ఉల్లిపాయ, నిమ్మరసము కలిపిన గుప్పెడు గుడాలు సాయంకాలపు పునుగులకు చక్కని మందు. అనుమతి దొరకనిచోట పెసలను మొలకెత్తించి, మరుగు నీటిలో కొంతసేపు నాననిచ్చి తినవచ్చును. కాలమునుబట్టి చవుకగా వచ్చు జామపండు ఖరీదైన పండ్ల నన్నిటిని మించినది. పుల్లని జీవసత్త్వము నారింజకంటె జామలో పెక్కురెట్లు అధికము. పప్పులోని, ఆకుకూరలోని ఇనుము రక్తమున చేరుటకు అది తోడ్పడును.

చేతిలో పైకము బొత్తిగా లేని దినములు విద్యార్థులకు వచ్చుచునే యుండును. అట్టినాడు పస్తుండవలదు. నగరమునందు పేదలకు, కూలివారికి, చదువుకొనువారికి అయిదు రూపాయలకే మధ్యాహ్నపు భోజనము పెట్టు కేంద్రములు 2014 నుండి నడచుచున్నవి. అక్కడ వరుసలో నిలుచుట చిన్నతనము కాదు. ఆకలితో పరీక్షకు కూర్చుండుటయే నష్టము.

స్వయముగా వండుకొనువారికి

ఇద్దఱు ముగ్గురు కలసి గది తీసికొని వండుకొను బాలికలకు మఱింత స్వాతంత్ర్యము గలదు. 1999 నుండి మన రాష్ట్రములలో నడచుచున్న రైతుబజారులలో కూరగాయలు చవుక; వారమునకొకమాఱు ముగ్గురు కలసి పోయినచో త్రోవ ఖర్చును కలసివచ్చును. ఒకరి దినభోజనమునకు మేము సూచించు పద్ధతి యిది. తూకములన్నియు వండకమునుపటివి.

ఉదయము: రాగిపిండి 40 గ్రాములతో కాచిన అంబలి, అందు ఒక గ్లాసు మజ్జిగ. దానితో ఉడికించిన గ్రుడ్డు ఒకటి గాని, 30 గ్రాముల శనగల గుడాలు గాని.

మధ్యాహ్నము: 70 గ్రాముల బియ్యపు అన్నము, 35 గ్రాముల కందిపప్పుతో తోటకూర గాని, పుంటికూర గాని, గంగవాయిలి కూర గాని వేసి వండిన పప్పు, ఒక కూర, చిన్నగిన్నెడు పెరుగు.

సాయంకాలము: వేయించిన పల్లీలు 20 గ్రాములు, అనగా చిన్న గుప్పెడు, ఒక జామపండు గాని, దొరకిన మఱియొక పండు గాని.

రాత్రి: 60 గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టెలు, 25 గ్రాముల పెసరపప్పు వేసిన సొరకాయ గాని, బీరకాయ గాని, పడుకొనబోవు ముందు చిన్న గ్లాసు పాలు.

దినమంతటికి నూనె మూడు చిన్న చెంచాలు. ఇదంతయు కలిపి సుమారు 1,450 మొదలు 1,500 కేలరీలగును. మాంసకృత్తులు 50 గ్రాములకు మించి వచ్చును. రాగులలో నూఱు గ్రాములకు 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియమున్నది. తోటకూరలోను సమృద్ధిగా నున్నది. ఆకలి తీరును, శక్తి కొంచెము తగ్గును, పుష్టి తగ్గదు. బరువు తగ్గవలసిన పనిలేని బాలిక ఇందులోనే అన్నమును, రొట్టెను, పప్పును ఆకలికొలది పెంచుకొనవలెను. రెండు పొయ్యిలు వెలిగింప నక్కఱలేదు.

వంటలో రెండు జాగ్రత్తలు. బియ్యమును పలుమాఱు కడుగవలదు, గంజి వార్చి పారబోయవలదు. బెరిబెరి కథ జ్ఞప్తియందుంచుకొనుడు. నూనెను సీసానుండి బాణలిలోనికి వంపుట మాని, చెంచాతో కొలిచి పోయుడు. ఒక్క పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలున్నవి. కొలత లేని చేయియే పెక్కు ఇండ్లలో స్థూలకాయమునకు మూలము.

చాయ, నడక, నిద్ర

హైదరాబాదులో చాయ మానుమని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. అయితే రెండు చెంచాల పంచదారతో మూడు కప్పులు త్రాగినవారు దినమునకు 30 గ్రాముల పంచదార, అనగా 120 కేలరీలు, ఎఱుగకయే పుచ్చుకొనుచున్నారు. చెంచాలు సగము చేయుడు. ఇంకను ముఖ్యమైనది, భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట తరువాతను చాయ గాని, కాఫీ గాని త్రాగవలదు. అందలి వగరు పదార్థము ఆహారములోని ఇనుమును రక్తమున చేరనీయదు. రక్తహీనత గల బాలిక చాయవేళ మార్చుకొనుట పైస ఖర్చులేని చికిత్స.

వ్యాయామశాలకు రుసుము కట్టలేకపోయితిమని చింతిల్లవలదు. విశ్వవిద్యాలయపు చెట్లనీడలుండగా నడకకు కొదువ యేమి? నాచారమునుండి గాని హబ్సిగూడనుండి గాని తరగతులకు పోవునప్పుడు ఒక మజిలీ ముందు దిగి నడచిపోవుడు. దినమునకు ముప్పావుగంట చుఱుకైన నడక చాలును; చెలికత్తెతో కలసి, వెలుతురున్న వేళ నడచుట మంచిది. రాత్రులు మేల్కొని చదువువారికి ఆకలి అధికమగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఏడుగంటల నిద్రయును ఆహారనియమములలో ఒకటిగా నెంచుడు.

వైద్యుల యొద్దకు ఎప్పుడు?

నెలసరి తప్పుచున్నను, కారణము లేక బరువు త్వరగా పెరిగినను తరిగినను, మెట్లెక్కునప్పుడు ఆయాసము వచ్చినను, తరచుగా తల తిరిగినను ఆహారపు చిట్కాలతో కాలము గడుపవలదు. గళగ్రంథి దోషము, అండాశయ దోషము, రక్తహీనత వీనిలో ఏదైన నుండవచ్చును. రక్తములోని హీమోగ్లోబిను పరీక్ష ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ చేయుదురు. అది 12 గ్రాములకు తగ్గినచో వైద్యులిచ్చు ఇనుపమాత్రలు పుచ్చుకొనవలెను; ఆకుకూరలు మాత్రమే చాలవు. మాకు లేఖ వ్రాసిన ఇద్దఱును మొదట ఈ పరీక్ష చేయించుకొనవలెనని మా సలహా. తిన్నపిమ్మట వ్రేలు పెట్టి కక్కుట, తిండి చూచిన భయపడుట వంటి అలవాటు పట్టుకొన్న బాలిక చెలికత్తెలకును తెలియనీయదు. అట్టిదానిని మందలింపక, బుజ్జగించి, వైద్యుల యొద్దకు తోడుగ పోవుడు. అదియును జబ్బే, దోషము కాదు.

తల్లులకు ఒక మాట

సోదరీమణులారా! వసతిగృహమునందున్న కూతురికి మీరు పంపు మూటలో నేమున్నది? సకినాలు, గారెలు, అరిసెలు, ఆవకాయ. ప్రేమ కాదనలేము. పండుగనాడు అవి యుండవలసినవే. కాని నెలనెల పంపు మూటలో వేయించిన శనగలు, పల్లీలు, నువ్వుల పొడి, కరివేపాకు పొడి, రాగిపిండి, జొన్నపిండి యుండునట్లు చూడుడు. ఖర్చు తక్కువ, నిలువ యెక్కువ. మూటలోని వస్తువునుబట్టి బిడ్డ సాయంకాలము ఏమి తినునో నిర్ణయమగును.

ఇంకొకటి కలదు, చెప్పుటకు కొంచెము కష్టముగా నున్నను చెప్పక తప్పదు. సెలవులకు ఇంటికి వచ్చిన బాలికను గడపలోననే నిలిపి, "ఎంత లావైతివే! ఇట్లయిన నిన్నెవరు చేసికొందురే?" అను పెద్దలు మనలో లేరా? ఆ మాట అన్నవారు సాయంత్రమునకు మఱచిపోవుదురు. విన్నబిడ్డ వసతిగృహమునకు తిరిగిపోయి రాత్రి భోజనము మానును. 52 కిలోల బిడ్డ పస్తుండుట అద్దమును చూచి మాత్రమే కాదు. ఎవరో యన్నమాట ఆమె చెవిలో నున్నది. పెండ్లిచూపులలో త్రాసు పట్టుకొని కూర్చుండువారికి జవాబు చెప్పుట తల్లిదండ్రుల పని. ఆ భారము బిడ్డ కడుపుమీద మోపుట న్యాయము కాదు.

ఫోనులో మాటలాడునప్పుడు "మార్కులెన్ని వచ్చినవి?" అని యడుగుటకు ముందు "ఈ పూట ఏమి తింటివమ్మా?" అని యడుగుడు. తిన్నానను జవాబుతో తృప్తిపడక, ఏమి తిన్నదో చెప్పించుడు. దూరముననున్న బిడ్డకు ఇంతకంటె చవుకైన పుష్టి మఱియొకటి లేదు.

వచ్చు మాసము, పరీక్షల కాలమున రాత్రులు చదువుకొను పిల్లలకు ఏమి పెట్టవలెనో వ్రాయుదుము. ఈలోపున తమ వసతిగృహములలో చవుకగా చేసికొను వంటకములను తూకములతో వ్రాసి పంపు విద్యార్థినుల లేఖలను సంతోషముతో ప్రకటింతుము.